డ్రాగ్ రేసింగ్‌నే కెరీర్‌గా పెట్టుకోవచ్చా?

డ్రాగ్ రేసింగ్ అంటే రెండు బళ్లు పక్కపక్కన నిలబడి తిన్నటి ట్రాక్ మీద కొద్ది దూరం పోటీపడే రేసు. టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్న ఒక తమ్ముడు అడిగాడు, ప్రొఫెషనల్ డ్రాగ్ రేసర్ అవ్వాలంటే ఏం చెయ్యాలి, దాని మీద బతకొచ్చా అని. నేను ప్రొఫెషనల్‌ని కాదు, అది ముందే చెప్తున్నా. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ ఆరేళ్లుగా నా మస్టాంగ్ కారుతో బ్రాకెట్ రేసింగ్ (మామూలు కార్లతో కూడా చెయ్యగల రకం, ఎలాగో కింద చెప్తా) చేస్తున్నా, రెండు సీజన్లు ఒక చిన్న ఫ్యామిలీ టీమ్‌కి పిట్స్‌లో, అంటే ట్రాక్ పక్కన బండి పనులు చేసే చోట, జీతం లేకుండా పని చేశా, ఆ అనుభవంతో చెప్తున్నా.

నువ్వు టీవీలో చూసే టాప్ ఫ్యూయల్ (అన్నిటికంటే ఫాస్ట్ క్లాసు) బండి 1000 అడుగులు దాదాపు 3.7 సెకన్లలో దాటేస్తుంది, స్పీడు గంటకి 530 కిలోమీటర్లు కూడా దాటుతుంది. ఇదివరకు క్వార్టర్ మైలు, అంటే 1320 అడుగులు ఉండేది, 2008లో స్కాట్ కలిట్టా అనే రేసర్ ప్రమాదంలో చనిపోయాక నైట్రో క్లాసులకి, అంటే నైట్రోమీథేన్ ఇంధనంతో నడిచే ఇలాంటి బళ్లకి, తగ్గించారు. ఆ నాలుగు సెకన్ల తర్వాత ఇంజన్ మొత్తం విప్పి మళ్లీ బిగించాలి, అదీ తర్వాతి రౌండ్ లోపు, టైమ్ చాలా తక్కువ ఉంటుంది. అందుకే దీంట్లో డ్రైవింగ్ చాలా చిన్న భాగం తమ్ముడూ, మిగతాదంతా రెంచి పని, డబ్బు సర్దుకోవడం.

నేను పని చేసిన టీమ్‌ది ఆల్కహాల్ డ్రాగ్‌స్టర్, అంటే ఆల్కహాల్ ఇంధనంతో నడిచే పొడవాటి రేసు బండి, నైట్రో కూడా కాదు. ఓనరే డ్రైవరు, వారం అంతా టైర్ల షాపు చూసుకుని శుక్రవారం రాత్రి ట్రైలర్ తగిలించుకుని బయల్దేరేవాడు. నేను బండిని ఆపే పారాచూట్ మడిచేవాణ్ణి, ఆయిల్ మార్చేవాణ్ణి. రెండో ఏడాది ఒక స్పాన్సర్ మాట ఇచ్చి సీజన్ మొదలయ్యే ముందు వెనక్కి తగ్గాడు, అయినా అప్పు చేసి వెళ్లాం, మూడో రేసులో క్వాలిఫయింగ్‌లోనే, అంటే అసలు పోటీకి ముందు అర్హత రన్స్‌లోనే, ఇంజన్ పగిలిపోయింది, ఆ ఏడాదికి అంతే, ఇంటికి వచ్చేశాం. ఆయన 20 ఏళ్లుగా రేస్ చేస్తున్నాడు, ఆ రోజు ట్రైలర్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు, నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది.

అలా అని దారి లేదనట్లేదు. రాబర్ట్ హైట్ అనే రేసర్, పేరున్న డ్రైవర్ జాన్ ఫోర్స్ టీమ్‌లో క్లచ్ పని చేసినవాడు, 2005లో డ్రైవర్ సీటు దొరికింది, తర్వాత మూడు సార్లు ఫన్నీ కార్ (మామూలు కారు ఆకారం ఉండే నైట్రో క్లాసు) ఛాంపియన్ అయ్యాడు. ఆ జాన్ ఫోర్సే ఒకప్పుడు ట్రక్కు డ్రైవరు, ఫైనల్స్‌లో ఓడీ ఓడీ 1987లో మాంట్రియల్‌లో మొదటిసారి గెలిచాడు, ఆ తర్వాత 16 టైటిళ్లు. బండి లోపల ఏం జరుగుతుందో చేత్తో తెలిసినవాడికి సీటు దొరికే ఛాన్స్ ఎక్కువ, నేను గట్టిగా నమ్మేది అదే.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, డల్లాస్ దగ్గర ఎన్నిస్‌లో టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ ట్రాక్ ఉంది కదా, టెస్ట్ అండ్ ట్యూన్ రాత్రి, అంటే ఎవరైనా తమ కారుతో ప్రాక్టీసు చేసుకునే రాత్రి, నీ మామూలు కారే తీసుకుని వెళ్లు, హైవే మీద మాత్రం ఒక్కసారి కూడా వద్దు, ప్లీజ్. తర్వాత బ్రాకెట్‌లోకి రా. నీ కారు ఎంత టైమ్‌లో దాటుతుందో నువ్వే ముందు రాసిస్తావు, స్లో కారుకి ముందు గ్రీన్ లైటు వస్తుంది, రాసినదానికంటే ఫాస్ట్‌గా వెళ్తే మామూలుగా ఓడిపోయినట్టే, కాబట్టి డబ్బున్నవాడి కారుని కూడా నువ్వు ఓడించొచ్చు. గ్రీన్ చూసి కదిలితే లేటే, చివరి పసుపు లైటు వెలగ్గానే వదలాలి, తొందరపడితే రెడ్ లైటు, ఓడిపోయినట్టే. నాకు ఇది చేతికి రావడానికి ఏడాది పైనే పట్టింది.

స్టూడెంట్ వీసా మీద ఉన్నావు కాబట్టి టీమ్ దగ్గర డబ్బు తీసుకునే పని ఒప్పుకోవద్దు, ప్రైజ్ మనీ సంగతి కూడా ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. మొదటి రాత్రి ప్రతి రన్ తర్వాత ఇచ్చే టైమ్ స్లిప్ (నీ టైములు రాసి ఉండే చీటీ) పారెయ్యకు, కింద ఉన్న స్పీడు కంటే ముందు పైన 60 అడుగుల టైమ్, అంటే మొదటి 60 అడుగులు దాటడానికి పట్టిన టైమ్, చూడు, రెండో రన్‌లో ఏం మార్చాలో అక్కడే తెలుస్తుంది.