పక్కింటి కిటికీ, మన సందు, నాన్నగారి స్థలం: వెనుక పడకగది కట్టే ముందు

ప్రశ్న: మాది కరీంనగర్. నాన్నగారు తన సొంత సంపాదనతో కొన్న 200 గజాల స్థలంలో (వెడల్పు 36 అడుగులు, పొడవు 50) అనుమతితో కట్టిన ఇల్లు ఉంది. అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. పాత బాత్రూం వాళ్ల గదికి దూరం. అందుకని కిందనే అటాచ్డ్ బాత్రూం, డ్రెస్సింగ్ రూంతో ఒక పడకగదిని నా డబ్బుతో కట్టించాలనుకుంటున్నాను. ఇంటికి తూర్పున 7 అడుగుల సందు, వెనుక 14 అడుగుల ఖాళీ ఉన్నాయి. సందులో బాత్రూం, డ్రెస్సింగ్ రూం ప్రహరీకి ఆనించి కట్టేలా మేస్త్రీ ప్లాను గీశాడు. సరిహద్దు మీదే గోడ ఉన్న పక్కింటాయన, తన వంటింటి కిటికీ మూసుకుపోతుందనీ, కోర్టుకు వెళతాననీ అంటున్నారు. వాళ్ల ఇల్లు కట్టి 12 ఏళ్లయింది. ఆయన ఆపగలరా? రేపు ఈ గది నాదవుతుందా? నాకొక చెల్లెలు ఉంది.

జవాబు: కిటికీ విషయంలో పక్కింటాయన బహుశా ఓడిపోతారు, ప్రహరీకి ఆనించి మీరు కట్టబోయే గోడ విషయంలో మాత్రం ఆయనే గెలుస్తారు. మీరు ఆయన చెప్పిన కారణానికి జవాబు వెతుకుతున్నారు గానీ, ఆయన ఇంకా చెప్పని కారణమే మీకు ప్రమాదం.

మన స్థలం మీదుగా వచ్చే గాలీ వెలుతురూ పక్కింటికి హక్కుగా మారాలంటే, 1882 నాటి ఈజ్‌మెంట్ల (పరుల స్థలం మీద ఉండే అనుభవ హక్కుల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం వాటిని 20 ఏళ్లపాటు అడ్డంకి లేకుండా, శాంతియుతంగా, హక్కుగా అనుభవించి ఉండాలి. ఆయనకు 12 ఏళ్లే అయ్యాయి గనుక ఆ హక్కు పుట్టలేదు. పుట్టి ఉన్నా, కొంచెం వెలుతురు తగ్గినంత మాత్రాన దావా నిలవదు. చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని 33వ సెక్షన్ కింద ఆయనే రుజువు చేయాలి. పైగా తన సెట్‌బ్యాక్ (సరిహద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) వదలకుండా సరిహద్దు మీదే గోడ లేపి కిటికీ పెట్టుకున్న మనిషి వెలుతురు గురించి ఫిర్యాదు చేయడం కోర్టులో అంత అందంగా ఉండదు.

అయితే ఆయన తప్పు మీకు లైసెన్సు కాదు. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 భవన నిర్మాణ నిబంధనల పట్టికలో, 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి పక్కలా వెనుకా ఒక్కో మీటరు వదలాలని ఉంది. మీ 200 గజాలు సుమారు 167 చదరపు మీటర్లు. ఆ నిబంధనలకు తర్వాత సవరణలు వచ్చాయి గనుక, మీ రోడ్డు వెడల్పు చెప్పి ఇప్పుడు అమల్లో ఉన్న పట్టికను లైసెన్సు ఉన్న ఇంజినీరు చేత సరిచూయించుకోండి. ప్రహరీకి ఆనించి కట్టడానికి మాత్రం ఆ ఇంజినీరు కూడా దారి చూపించలేరు. నిబంధనల ఉల్లంఘనపై పొరుగువారు కోర్టుకు వెళ్లవచ్చని 1974లోనే రామదాస్ షెనాయ్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించింది. ఎన్నేళ్లు గడిచినా, ఎంత ఖర్చు పెట్టినా అక్రమ నిర్మాణం సక్రమం కాదని 2024 డిసెంబరు 17న మళ్లీ గట్టిగా చెప్పింది. అదే ఏడాది నవంబరు 13న, కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని చెప్పిన మాట నిజమే. ఆ నోటీసు మీకు జవాబు చెప్పుకునే సమయం ఇస్తుందే తప్ప గోడను కాపాడదు.

ఇప్పుడు టేపు పట్టుకుని చూద్దాం. తూర్పు సందు 7 అడుగుల్లో మీటరు, అంటే 3 అడుగుల 3 అంగుళాలు వదిలి, 9 అంగుళాల గోడ తీసేస్తే లోపల మిగిలేది 3 అడుగులు. జాతీయ భవన నియమావళి ప్రకారం స్నానానికీ మరుగుదొడ్డికీ కలిపిన గదికి కనీస వెడల్పు 1.2 మీటర్లు, అంటే దాదాపు 4 అడుగులు. మోకాళ్లు పట్టేసిన పెద్దవారు పక్కన ఒక మనిషిని పట్టుకుని తిరగాల్సిన చోటు అది. చట్టం మాట అటుంచి, ఆ మూడడుగుల్లో వాళ్లను నిలబెట్టడమే న్యాయం కాదు. వెనుక 14 అడుగుల్లో అదే లెక్క వేస్తే లోపలి కొలత 10 అడుగులు వస్తుంది. అక్కడ 14 అడుగుల పొడవున పడకగది, దాని పక్కనే 6 అడుగుల వెడల్పున బాత్రూం హాయిగా కూర్చుంటాయి. విడిగా డ్రెస్సింగ్ రూం మానేసి గది గోడకు అల్మరాలు పెట్టించండి. మీ వంటింటికి గానీ వెనుక గదికి గానీ ఉన్న కిటికీ ఈ కొత్త గోడతో మూసుకుపోకుండా చూసుకోండి. కొత్త కప్పు నీరు పక్కవారి స్థలంలో పడకుండా గొట్టం మీ వైపే దించాలి.

మీ స్థలం పరిమాణానికి 2020 నాటి తెలంగాణ బీపాస్ (భవన అనుమతుల) చట్టం కింద స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ఇల్లు ముందే అనుమతితో కట్టినదైనా, అదనపు గదికి కొత్త దరఖాస్తు తప్పదు. వెంటనే వస్తుంది కదా అని కొలతలు కొంచెం అటూఇటూ రాయించే అలవాటు మన ఊళ్లలో ఉంది. తర్వాత తనిఖీలో తేలితే, ఆ ధ్రువీకరణ మీద సంతకం పెట్టిన యజమానే బాధ్యుడు. మీ విషయంలో ఆ యజమాని నాన్నగారు.

రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే మొదలవుతుంది. గది మీ డబ్బుతో కట్టినా, స్థలం ఆయనది గనుక గదీ ఆయనదే. ఆయన అనుమతితో శాశ్వత నిర్మాణం చేశారు గనుక ఈజ్‌మెంట్ల చట్టం 60(బి) కింద మిమ్మల్ని అక్కడి నుంచి తేలిగ్గా వెళ్లగొట్టలేరని వాదించవచ్చు. అది ఉండే హక్కే, యాజమాన్యం కాదు. ఆయన వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం అమ్మగారికీ, మీకూ, చెల్లెలికీ సమాన వాటాలు వస్తాయి (మీ నాయనమ్మ జీవించి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది). ఈ కొత్త గది ఆ వాటాల బయట ఉండదు.

కాబట్టి సిమెంటు, ఇనుము, కూలీ డబ్బులన్నీ మీ బ్యాంకు ఖాతా నుంచే చెల్లించి రసీదులు దాచండి. నాన్నగారికి ఇష్టమైతే, ఖర్చు మీరు పెట్టారన్న మాటను ప్రస్తావిస్తూ ఇద్దరు సాక్షులతో వీలునామా రాయవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడమే మేలు. ఇప్పుడే సెటిల్‌మెంటు దస్తావేజు (బతికుండగానే ఆస్తిని ఇంటివారికి రాసిచ్చే పత్రం) రాయించుకోవాలని తొందరపడకండి. రాయించినా, తల్లిదండ్రులిద్దరూ జీవించి ఉన్నంతకాలం అక్కడ ఉండే హక్కు వాళ్లకే మిగిలేలా ఉండాలి. చాలామంది చేసే పని ఒకటి మాత్రం చేయకండి: తండ్రి బతికుండగానే 'నాకు వాటా వద్దు' అని చెల్లెలి చేత స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. ఇంకా రాని వారసత్వం మీద ఆశను వదులుకోవడం గానీ బదిలీ చేయడం గానీ ఆస్తి బదిలీ చట్టం 6(ఎ) ప్రకారం సాధారణంగా చెల్లదు. ఆ కాగితం వల్ల మీకు గది రాదు, చెల్లెలితో మాటలు మాత్రం పోతాయి.