షో అయిపోగానే టేపు ఆపకు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. "అది ఆఫీసుకి ఆరు నెలలు సెలవు పెట్టేసిందట అక్కా. పాత గేమ్ షోల ఆఖరి ఎపిసోడ్ల మీద పుస్తకం రాస్తుందట. ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళి పాత టేపులు పోగేస్తుందట" అని ఒకటే టెన్షన్. దానికేదో సర్దిచెప్పి పెట్టేశాను కానీ ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. భయం వేసింది. గర్వంగానూ ఉంది. యాభై ఏళ్ళుగా ఈ అమెరికాలో టీవీ ముందు కూర్చుని నేను చూసినవాటి గురించి ఇంట్లో ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నువ్వు అడిగావు.

1975లో జెపర్డీ అనే క్విజ్ షో ఆఖరి రోజున నేను రికార్డు చేసిన క్యాసెట్ కావాలని మెసేజ్ పెట్టావు. తప్పకుండా ఇస్తాను. దానికంటే ముందు కొన్ని చెప్పాలి.

టేపులు అమ్ముతామని ప్రకటన ఇచ్చినవాళ్ళ ఇళ్ళకి ఒక్కదానివీ వెళ్ళకు. బేస్‌మెంట్లోకి అసలు దిగకు, పెట్టె వాకిట్లోకి తెచ్చిపెట్టమను. వెళ్ళేముందు ఎక్కడికి వెళ్తున్నావో నాకు మెసేజ్ పెట్టు, తిరిగి కారెక్కాక ఇంకోటి పెట్టు. ఇందులో మాత్రం నాతో వాదించకు.

తేదీలు, వారాలు నువ్వే సరిచూసుకో. మనుషుల జ్ఞాపకాన్ని నమ్మకు. మీ పెద్దనాన్న ఇప్పటికీ అంటారు, జెపర్డీ ఆఖరి రోజు ఆదివారమనీ, నాతోపాటు సోఫాలో కూర్చుని చూశాననీ. అది 1975 జనవరి 3, శుక్రవారం. ఆయన ఆ మధ్యాహ్నం హాస్పిటల్లో డ్యూటీలో ఉన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను అన్నిసార్లు చెప్పగా చెప్పగా తనూ చూసినట్టే అయిపోయింది ఆయనకి. నువ్వు కలవబోయే పెద్దవాళ్ళందరిలోనూ ఇలాంటిది ఉంటుంది. కాబట్టి "షో నడిపినాయన ఏడ్చాడా?" అని అడగకు. అడిగితే అవునంటారు. "అప్పుడు మీరు ఎక్కడ కూర్చున్నారు? ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడుగు. నీకు కావలసింది అక్కడినుంచి వస్తుంది.

ఆఖరి ఎపిసోడ్ అంటే వీడ్కోలు ఉంటుందనుకుంటున్నావేమో. అన్నిటికీ ఉండదమ్మా. బాబ్ బార్కర్‌కి ఉంది. ప్రైస్ ఈజ్ రైట్‌ని 1972 నుంచి నడిపి, 2007 జూన్ 15న ప్రసారమైన ఎపిసోడ్‌కి ఇదే చివరిదని తెలిసే వచ్చాడు. వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ నడిపిన పాట్ సేజాక్‌కీ ఉంది, 2024 జూన్ 7న. తర్వాత మళ్ళీ మొదలైన జెపర్డీని నడిపిన అలెక్స్ ట్రెబెక్ సంగతి అలా కాదు. 2020 అక్టోబర్ 29న ఎప్పటిలాగే రికార్డింగ్ చేసి ఇంటికి వెళ్ళాడు. మళ్ళీ వద్దామనే అనుకున్నాడు. నవంబర్ 8న పోయాడు. ఆ ఎపిసోడ్ 2021 జనవరి 8న వచ్చింది. నేను చూశాను. ప్రశ్నలు, జవాబులు, ఆట, అంతా మామూలే. చివర్లో వాళ్ళు అతికించిన ఒకటిన్నర నిమిషం జ్ఞాపకాలే తప్ప ఆయన నోటివెంట వెళ్ళొస్తానన్న మాట లేదు. నాకు అన్నిటికంటే అదే మనసులో నిలిచిపోయింది. మన దేశంలోనూ చూడు, 2005 ఆగస్టులో మొదలైన కేబీసీ రెండో విడత అమితాబ్‌కి ఒంట్లో బాగుండక 2006 జనవరిలో మధ్యలోనే ఆగిపోయింది. మీ అమ్మ ఆ రోజుల్లో ఫోన్ చేస్తే ముందు ఆయన ఆరోగ్యం గురించే మాట్లాడేది. అలాంటివాటికి నీ పుస్తకంలో చోటివ్వు. వీడ్కోలు ఉన్నవాటికంటే ఎక్కువే ఇవ్వు.

1967 సెప్టెంబర్ 3 నాటి వాట్స్ మై లైన్ ఆఖరి ఎపిసోడ్ ఎలాగూ చూస్తావు. నేను ఈ దేశం రాకముందుది, రికార్డింగులోనే చూశాను. ఆ షోలో పేరున్న మనిషి ఎవరైనా వస్తే ప్యానెల్‌లో ఉన్నవాళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని, ప్రశ్నలడిగి ఎవరో కనిపెట్టాలి. పదిహేడేళ్ళపాటు ఆ అతిథుల పక్కన కూర్చుని ఆట నడిపిన జాన్ డేలీయే ఆ రాత్రి అతిథి అయ్యాడు. ఆటా ఆయనే నడపాలి, ప్రశ్నలకి గొంతు మార్చి జవాబులూ ఆయనే చెప్పాలి. ఈ రోజు మనం ఆ షో ఎపిసోడ్లు చూడగలుగుతున్నామంటే కారణం, వాటి ఫిల్ములు పారేస్తున్నారని 1952లో తెలుసుకున్న నిర్మాతలు మార్క్ గుడ్సన్, బిల్ టాడ్‌మన్ సొంత డబ్బు పెట్టి దాచిపెట్టించడం.

జెపర్డీకి అలాంటి దిక్కు లేకపోయింది. ఆర్ట్ ఫ్లెమింగ్ నడిపిన పాత జెపర్డీ 1964 నుంచి 2,753 ఎపిసోడ్లు వచ్చింది. చాలావాటిని ఆ షో వచ్చిన చానెల్ ఎన్‌బీసీ వాళ్ళు చెరిపేశారు. అప్పట్లో వీడియో టేపు ఖరీదైనది. ఒకటి చెరిపి దాని మీద ఇంకోటి రికార్డు చేసుకునేవారు. పగటిపూట షోని మళ్ళీ ఎవరు చూస్తారులే అనుకున్నారు. ఇది చదివి నీకు కోపం వస్తుంది, నీ పుస్తకంలో వాళ్ళని దులిపేస్తావు. దులిపేముందు నేను చేసింది విను.

పెళ్ళయి షికాగో వచ్చేసరికి నాకు ఇరవై ఒకటి. మీ పెద్దనాన్న పొద్దున వెళ్తే రాత్రికి వచ్చేవారు. కిటికీలోంచి చూస్తే మంచు తప్ప మనిషి కనపడేవాడు కాదు. జెపర్డీలో జవాబు వాళ్ళే చెప్తారు, మనం ప్రశ్న చెప్పాలి. "వాట్ ఈజ్", "హూ ఈజ్" అని నేనూ పైకి అనేదాన్ని, ఇంట్లో ఒక్కదాన్నే కదా. అప్పట్లో బోర్డు మీద మొదటి ప్రశ్న పది డాలర్లు. మనసులోనే లెక్క వేసుకుని, సాయంత్రం ఆయన రాగానే ఈ రోజు ఇంత గెలిచానని చెప్పేదాన్ని. నాకు ఇంగ్లీషు నోటికి పట్టింది అలాగే.

1974 దీపావళికి మాకు తెలిసిన ఒక డాక్టరుగారు సెలవు మీద తెనాలి వెళ్తూ క్యాసెట్ రికార్డర్ తీసుకెళ్ళారు. మీ తాతయ్య చేత అరగంట మాట్లాడించి తెచ్చారు. ఆ రోజుల్లో ట్రంక్ కాల్ అంటే మాటలు కాదు. ఏరోగ్రామ్ రావడానికే రెండు వారాలు. అలాంటిది, ఏడాదిన్నర తర్వాత నాన్న గొంతు మా వంటింట్లో వినపడింది. బళ్ళో పాఠం చెప్తున్నట్టే ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పారు. పెరట్లో నిమ్మచెట్టు కాసిందని, అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయని. మధ్యలో మీ అమ్మ చేత పదమూడో ఎక్కం చెప్పించారు. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ఏడు దగ్గర తడబడి ఆగిపోయింది. నాన్న అందించలేదు. అది గుర్తు తెచ్చుకునేదాకా అలాగే ఊరుకున్నారు, టేపు తిరుగుతూనే ఉంది. వెనకాల ఎక్కడో సైకిల్ బెల్లు మోగింది. దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

జనవరి 3న పక్కింటావిడ తలుపు కొట్టి, నీ షో ఈ రోజుతో ఆఖరట, తెలుసా అంది. అప్పటికి ఇంకో రెండు నిమిషాల్లో మొదలవుతుంది. కొత్త క్యాసెట్ లేదు, కొనుక్కురావడానికి టైము లేదు. నాన్న క్యాసెట్ గుర్తొచ్చింది. అరవై నిమిషాల క్యాసెట్ అది, వైపుకి ముప్ఫై. నాన్న మాటలు ఒకవైపే ఉన్నాయి, రెండోవైపు ఖాళీ. షో కూడా అరగంటే. సరిగ్గా సరిపోతుందనుకున్నాను. క్యాసెట్ మీద ఏ వైపు ఏముందో రాయలేదు. రాయాలని తోచనే లేదు, ఉన్నదే ఒక్క క్యాసెట్ కదా. పెట్టేసి, వెనక్కి తిప్పి, రికార్డర్‌ని టీవీ స్పీకర్‌కి ఆనించి పట్టుకుని, ఎర్ర చుక్క ఉన్న మీటా ప్లే మీటా రెండూ కలిపి నొక్కాను. ఒక్క నిమిషం విని చూసుకున్నానా అంటే, లేదు. అరగంటసేపు దగ్గు వచ్చినా ఆపుకుంటూ కదలకుండా కూర్చున్నాను.

రాత్రి భోజనాలయ్యాక మీ పెద్దనాన్న, మామయ్యగారి క్యాసెట్ పెట్టు, విందాం అన్నారు. పెట్టాను. జెపర్డీ అనౌన్సర్ డాన్ పార్డో గొంతు వినపడింది. వైపు మారిందేమో అని తిప్పి పెట్టాను. సుయ్‌మని ఖాళీ చప్పుడు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ పార్డో. ఆయన చెయ్యి చాచి మీట ఆపేశారు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

అమ్మలూ, నేను ఆ మర్నాడే నాన్నకి నిజం రాసి ఉంటే ఇంకో క్యాసెట్ వచ్చేది. రాయలేకపోయాను. సంక్రాంతి ఉత్తరంలో ఆయనే అడిగారు, నా గొంతు స్పష్టంగా ఉందా తల్లీ అని. చాలా స్పష్టంగా ఉంది నాన్నా, రోజూ వింటున్నాం అని రాశాను. వేసవికి వెళ్తాం కదా, అప్పుడు చెప్పి మళ్ళీ రికార్డు చేయించుకుందామనుకున్నాను. ఆ వేసవికి వెళ్ళలేకపోయాం. 1976 వానాకాలంలో నాన్న పోయారు. టెలిగ్రామ్ నాకు చేరేసరికి అంతా అయిపోయింది. మీ అమ్మ పెద్దయ్యాక రెండుమూడుసార్లు అడిగింది ఆ క్యాసెట్ ఏదని. మెషీన్లో ఇరుక్కుని తెగిపోయిందని చెప్పాను. నిజం ఇంతవరకూ మీ పెద్దనాన్నకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు తెలిసింది.

అందుకే, నీ చేతికి ఏ టేపు వచ్చినా మొదట చేయాల్సింది ఒకటే. ఆడియో క్యాసెట్ అయితే పైఅంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ అయితే వీపు మీద ఒకటే ఉంటుంది. వాటిని విరగ్గొట్టెయ్. అది లేకపోతే మెషీన్ రికార్డు మీట నొక్కనివ్వదు. టేపు మెషీన్లో పెట్టకముందే ఇది చెయ్యాలి. చీకటైపోయింది, రేపు చూద్దాంలే అనుకోకు. ఆ తర్వాత ఏ వైపు ఏముందో రాయి. బూజు కనపడితే మెషీన్లో పెట్టకు. మెషీన్ హెడ్డుకి ఆ బూజు అంటుకుంటే తర్వాతి టేపులూ పాడవుతాయి. పాత క్యాసెట్లలో టేపుని హెడ్డుకి ఆనించే స్పాంజి ముక్క ఊడిపోయి ఉండొచ్చు, అది చూసుకో. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు చిన్న ఫైలుగా నొక్కెయ్యకుండా పూర్తి నాణ్యతతో పెట్టు. రెండు కాపీలు చేసి ఒకటి మా ఇంట్లో ఉంచు. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు, అయినా రాస్తున్నాను.

టేపు మీద రాసున్న షో పేరు చూసి దానికోసమే వెతకకు. ముందూ వెనకా ఏముందో మొత్తం విను. ఎవరి పుట్టినరోజు మీదో ఎవరో ఆఖరి ఎపిసోడ్ రికార్డు చేసి ఉండొచ్చు. అలాంటివి దొరికితే ఆ టేపు ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. నీ పుస్తకం నాలుగు రోజులు ఆలస్యమైనా పరవాలేదు.

ఆ శుక్రవారం తర్వాత వచ్చిన సోమవారమే, జనవరి 6న, అదే చానెల్లో వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ మొదలైంది. జెపర్డీ కనిపెట్టిన మెర్వ్ గ్రిఫిన్‌దే అది కూడా. చాలా ఏళ్ళు నేను చూడలేకపోయాను. ఆ చక్రం తిరుగుతుంటే నాకు టేపు తిరుగుతున్నట్టే ఉండేది.

వచ్చే శనివారం వచ్చి క్యాసెట్ తీసుకెళ్ళు. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను. రెక్కలు రెండూ ఎప్పుడో విరగ్గొట్టాను, వైపులు ఎర్ర ఇంకుతో రాసి ఉంటాయి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఫ్లెమింగ్ మాటలు అయిపోయి నేను మీట ఆపిన టక్‌మనే చప్పుడు వినపడుతుంది. అక్కడ ఆపకు. షో అరగంటకి కొంచెం తక్కువే, నాన్న మాత్రం టేపు చివరిదాకా మాట్లాడారు. ఆ టక్ తర్వాత ఇరవై క్షణాలు మిగిలింది. "ఇంకా తిరుగుతోందా ఇది?" అని నాన్న అడుగుతారు. "తిరుగుతోంది నాన్నా" అంటుంది మీ అమ్మ.

అంతవరకు వేరే ఫైలుగా చేసి ముందు నాకివ్వు. మీ అమ్మకి నేనే ఫోన్ చేసి, జరిగింది చెప్పి, అప్పుడు వినిపిస్తాను.

మీ పెద్దమ్మ