స్ప్రింట్ మధ్యలో ‘ఒక్క చిన్న మార్పు’

“అన్నా, డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. ఒక క్లయింట్ వెబ్‌సైట్ పని ఇక్కడి నుంచి చూస్తున్నాను, టీమ్ హైదరాబాద్‌లో ఉంది. మాది రెండు వారాల స్ప్రింట్, అంటే ముందే అనుకున్న పనిని ఆ రెండు వారాల విడతలో ముగించాలి. మూడు రోజులకోసారి క్లయింట్ ‘ఒక్క చిన్న మార్పు’ అంటాడు. కాదనలేను. అక్కడ వాళ్లు అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నారు. ఇలా విడతలుగా పనిచేసే ఎజైల్ పద్ధతి అంటే ఎప్పుడంటే అప్పుడు మార్చడమేనా?”

కాదు తమ్ముడూ. 2001లో యూటాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి రాసిన ఎజైల్ ప్రకటనలో, ప్లాన్‌ని పట్టుకు వేలాడటం కన్నా మార్పుకు తగ్గట్టు నడవడం మేలన్న మాట ఉంది. ఆ ముక్క మీ క్లయింట్‌కి బాగా గుర్తుంది. కానీ స్ప్రింట్ లక్ష్యాన్ని దెబ్బతీసే మార్పులు మధ్యలో చేయకూడదని, స్ప్రింట్లతో నడిచే ఎజైల్ పద్ధతి స్క్రమ్‌లోనే ఉంది. అది ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి. ప్రస్తుతానికి ఆ ఒకరు నువ్వే.

అలాగని మొహం మీద కాదనక్కర్లేదు. అడిగినదానికి టికెట్ రాయి, అంటే టీమ్ పనుల జాబితాలో ఎక్కించు, టీమ్‌తో ఎస్టిమేట్ వేయించు. “ఇది ఇప్పుడే కావాలంటే, బదులుగా ఈ స్ప్రింట్‌లోంచి ఏది తీసేద్దాం?” అని అడుగు. ఆ నిర్ణయం ఏ పని ముందో తేల్చే ప్రొడక్ట్ ఓనర్‌ది, నీది కాదు. నేను చూసినంతలో చాలాసార్లు “అయితే వచ్చే స్ప్రింట్‌లో చూద్దాంలే” అంటారు. పెద్దవాళ్లు అడిగితే “సరేనండి” అనడం మనకి మర్యాద. ఇక్కడ సరే అంటే మాట ఇచ్చినట్టే, తారీఖుతో సహా. మీది మొత్తం ధర ముందే కుదుర్చుకున్న ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టు అయితే మాత్రం నీ మేనేజర్‌ని అడక్కుండా ఆ సరే కూడా అనకు.

నేను దెబ్బతిన్నది ఇంకో చోట. మొదటి ప్రాజెక్టు డెమోలో పేమెంట్ పేజీ “దాదాపు అయిపోయింది” అన్నాను. అది పనిచేసింది నిజం డబ్బు కదలని టెస్ట్ కార్డుల మీదే. అసలు అకౌంట్‌కి క్లయింట్ ఫైనాన్స్ వాళ్ల అనుమతి రాలేదని నాకు పది రోజులుగా తెలుసు, వాళ్లని తొందరపెట్టడానికి మొహమాటపడ్డాను. లాంచ్ రెండు వారాలు వెనక్కి పోయింది. రోజూ పదిహేను నిమిషాల స్టాండప్ మీటింగ్ ఉన్నది పని ఎక్కడ ఆగిందో చెప్పడానికే, నేనేమో అందులో చేసిన పనులు అప్పజెప్పేవాణ్ణి.

వెబ్‌సైట్ పని కోడ్ దగ్గరకన్నా క్లయింట్ ఇవ్వాల్సినవాటి దగ్గరే ఎక్కువ ఆగుతుంది. ఫొటోలు, పేజీల్లో రాతలు, లీగల్ వాళ్లు చూడాల్సిన ప్రైవసీ పాలసీ, ఎవరి దగ్గరుందో తెలియని డొమైన్ లాగిన్. వీటికీ టికెట్లు పెట్టు, క్లయింట్ వైపు మనిషి పేరు, తారీఖు వేసి. ఇక “అయిపోయింది” అంటే ఏమిటో ముందే రాసుకోండి: ఫోన్‌లో, సఫారీ బ్రౌజర్‌లో, డమ్మీ టెక్స్ట్ కాకుండా అసలు రాతలతో చూశాకే.

చివరిగా గడియారం సంగతి. వేసవిలో మీ ఉదయం 8:30 స్టాండప్ హైదరాబాద్‌లో రాత్రి 7. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గంట వెనక్కి తిప్పగానే అక్కడ 8 అవుతుంది, వాళ్లని ఎవరూ అడగరు. చలికాలం మీటింగ్ 7:30కి జరుపు. నువ్వు గంట ముందు లేస్తే సరిపోతుంది. సంక్రాంతికి సగం టీమ్ ఊళ్లకి వెళ్లిపోతుందని కూడా క్లయింట్‌కి డిసెంబర్ ప్లానింగ్‌లోనే చెప్పు. నేను ఓ ఏడాది భోగి ముందురోజు చెప్పాను.