పాలిమరేజ్-1 లేకున్నా బ్యాక్టీరియా ఎలా పెరుగుతుంది?

ప్రశ్న: ఈ.కొలై బ్యాక్టీరియాలో డీఎన్‌ఏను పేర్చే డీఎన్‌ఏ పాలిమరేజ్-1 ఎంజైమ్ చెడిన పోల్‌ఏ1 రకం కూడా మామూలుగానే పెరుగుతుందట. మరి ఆ ఎంజైమ్ దేనికి?
– ఎమ్మెస్సీ విద్యార్థిని

జవాబు: 1969లో డి లూసియా, కెయిర్న్స్ అనే శాస్త్రవేత్తలు వేల కాలనీలు పరీక్షించి పట్టుకున్న రకమది. అసలు డీఎన్‌ఏకు నకలు తీసేది పాలిమరేజ్-3; సెకనుకు వెయ్యి దాకా న్యూక్లియోటైడ్లు (డీఎన్‌ఏ గొలుసులోని లింకులు) పేరుస్తుంది. పాలిమరేజ్-1 వేగం సుమారు ఇరవై. దాని పని ఒకజాకీ ముక్కల (నకలు తీసేటప్పుడు ఒక పోగులో విడివిడిగా తయారయ్యే డీఎన్‌ఏ ముక్కలు) మొదట్లోని ఆర్‌ఎన్‌ఏ ప్రైమర్లను (నకలు మొదలుపెట్టే చిన్న తునకలు) తీసేసి ఖాళీలు పూడ్చడం, దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేయడం. పోల్‌ఏ1లో పేర్చే శక్తి పోయినా ప్రైమర్‌ను కోసే శక్తి మిగిలింది. అందుకే ముక్కలు ఆలస్యంగానైనా అతుకుతాయి. అయితే అతినీలలోహిత కాంతి తగిలితే ఈ రకం తొందరగా చస్తుంది. డీఎన్‌ఏ మరమ్మతుకు సాయపడే రెక్‌ఏ జన్యువు కూడా పోతే అసలు బతకదు.

నకలు తీసే వేర్వేరు ప్రోటీన్లు చెడితే వచ్చే తేడా కళ్లారా చూడాలంటే వేడికి చెడే రకాలు (వేడిలో ఆ ప్రోటీన్ పనిచేయనివి) మేలు. 30 డిగ్రీల్లో పెంచి 42కి మార్చి, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) గుర్తున్న థైమిడిన్ డీఎన్‌ఏలో ఎంత చేరిందో కొలవండి. డీఎన్‌ఏఈ రకంలో (పాలిమరేజ్-3 లోపం) తయారీ నిమిషాల్లో ఆగుతుంది. డీఎన్‌ఏఏ రకం (నకలు మొదలుపెట్టే ప్రోటీన్ లోపం) మొదలైన నకళ్లు పూర్తిచేశాకే ఆగుతుంది. మీడియం నెమ్మదిగా వేడెక్కితే ఈ తేడా చెరిగిపోతుంది, కాబట్టి ముందే 42కి వేడిచేసిన మీడియం కలపాలి. కల్చర్‌ను 42లో ప్లేటు మీద కూడా పరచండి. కాలనీలు ఎక్కువగా వస్తే అందులో మామూలు స్థితికి తిరిగొచ్చిన కణాలు చేరినట్టే.