పైడిరాజుకి చిన్నతాత రాసిన ఉత్తరం

చిరంజీవి పైడిరాజుకి,

ఉద్యోగం చేసుకుంటూనే శని ఆదివారాలు జోకరు వేషం కట్టి బడులకీ, పిల్లల ఆసుపత్రికీ వెళ్తానంటున్నావని మీ అమ్మ ఫోను చేసింది. "ఊరూరా డేరాల వెంట తిరిగావు కదా చిన్నాన్నా, నీ పోలిక కాక మరెవరి పోలిక" అని నన్నే దులిపేసింది. ఫోను పెట్టేసి మీ చిన్నమ్మమ్మకి చెప్పాను, అరుగు మీద కూర్చున్నవాళ్ళకీ చెప్పాను. గర్వమే మరి, దాచడం దేనికి? రాత్రి మాత్రం కంటిమీద కునుకు లేదు.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నారని మన పక్క ముసలాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన సర్కసులో జోకరెవరో ఒక్కరిని చెప్పమను చూద్దాం. పేరు కోసమైతే ఈ పని పెట్టుకోకు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసే ఉంటాయి. ముందు కొబ్బరినూనె రాసి, దాని మీదే రంగు వెయ్యి. తీసేటప్పుడు కూడా నూనెతో తుడిచాకే సబ్బు. పడ్డం నేర్చుకున్నాకే పడు. పెద్ద బూటు ముందు భాగంలో గుడ్డ కుక్కు, లేకపోతే మడత పడి బోర్లా పడతావు. అది ఐటమ్ కాదు, పళ్ళు రాలడం.

ఇప్పుడు అసలు సంగతి.

నేను జోకరుగా పనిచేసిన ఒక సర్కసు కంపెనీలో నాకన్నా సీనియర్ జోకరు ఒకాయన ఉండేవాడు. ట్రపీజు ఉయ్యాలల కింద వల కట్టేంతసేపూ జనాన్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టడం మా పని. ఆ పనిలో ఆయనకి సాటి లేదు. రెండు పలకలు తాడుతో కలిపి కట్టిన చీలిక చెక్కతో నా పిర్ర మీద కొడితే "ఫట్" మని గ్యాలరీ చివరిదాకా వినిపించేది, నాకు మాత్రం దోమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. అంత చెయ్యి తిరిగినవాడు. ఏడ్చే గుంటని నవ్వించలేనివాడు జోకరే కాడని ఆయన పట్టు.

ఒక సాయంత్రం ఆటలో ముందు కుర్చీల్లో ఒక పాప అమ్మ ఒళ్ళో ఏడుస్తోంది. మూడేళ్ళుంటాయేమో. ఈయన రింగు గట్టు దాటేశాడు. నేను చొక్కా పట్టుకు లాగినా ఆగలేదు. పాప ముందు మోకాళ్ళ మీద కూలబడి, మొహం జానెడు దూరంలో పెట్టి, సంకలో బూర "బోంయ్" మనిపించాడు. పాపకి గొంతు పెగల్లేదు. నోరు తెరుచుకునే ఉంది, ఊపిరి లోపలే ఉండిపోయింది, పెదాలు నల్లబడ్డాయి. తల్లి వీపు చరుస్తోంది, నీళ్ళు చల్లుతోంది. మనిషినేనని చూపిద్దామనుకున్నాడో ఏమో, ఈయన చటుక్కున విగ్గు పీకేశాడు. పచ్చని జుట్టు ఊడిపోయి, తెల్లటి మొహం పైన నల్లటి బోడిగుండు! అప్పుడు వచ్చింది పాపకి గొంతు. ఆ కేకకి బ్యాండువాళ్ళు కూడా ఆగిపోయారు. పాప తండ్రి కుర్చీ ఎత్తాడు. ఇద్దరం రింగులోకి పరుగెట్టాం. జనం అదీ ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు.

రాత్రి డేరా వెనక రంగు తుడుచుకుంటూ ఆయన, "నేను నవ్వుతూనే కదరా వెళ్ళాను, ఎందుకు దడుసుకుంది?" అన్నాడు. నువ్వు నవ్వావని ఆ గుంటకి ఎలా తెలుస్తుంది బాబూ? నీ నవ్వు రంగుది. నువ్వు కోప్పడినా అదే నవ్వు, నిద్రపోయినా అదే నవ్వు. ఎదటి మనిషి మంచివాడో కాదో పసిపిల్లలు కనుబొమ్మల్లో, పెదాల్లో వెతుక్కుంటారు. అవి రెండూ మనం పూడ్చేసుకుని వెళ్తాం. పైగా ఆ రంగు గ్యాలరీ పైమెట్టు మీద కూర్చున్నవాడికి కనబడాలని వేసింది. జానెడు దూరంలో చూడాల్సిన మొహం కాదది.

మీ అత్త కూతురు మొన్న ఫోనులో చదివి వినిపించింది. వేల్స్‌లో ఒక యూనివర్సిటీవాళ్ళు 64 దేశాల నుంచి 987 మంది పెద్దవాళ్ళని అడిగితే, సగానికి పైగా జోకరంటే ఎంతో కొంత భయమే అన్నారట. రంగు వెనక మనిషి మనసు అందకపోవడమే అందులో పెద్ద కారణమని తేలిందట. సినిమాల్లో చూపించే దయ్యం జోకర్ల పుణ్యం కూడా ఉందనుకో. 2008లో ఇంగ్లండులో షెఫీల్డువాళ్ళు 250 మందికి పైగా పిల్లల్ని అడిగితే, ఆసుపత్రి గోడల మీద జోకరు బొమ్మలు వద్దన్నారట. అది విని దిగులుపడకు. గోడమీది బొమ్మ వెనక్కి అడుగు వెయ్యలేదు. నువ్వు వెయ్యగలవు. న్యూయార్కులో 1986 నుంచే సర్కసు జోకర్లు పిల్లల వార్డులకి వెళ్ళారు.

అందుకని వార్డులో తెల్లరంగు వద్దే వద్దు. ఎర్రముక్కు, బుగ్గ మీద చిన్న చుక్క చాలు. అదీ గుంటలు చూస్తుండగానే పెట్టుకో. తలుపు దగ్గర ఆగి, రానా వద్దా అని మొహంతోనే అడుగు. వద్దంటే భయపడ్డట్టు నటించి నువ్వే పారిపో. వాళ్ళని చూసి నువ్వు దడుసుకుంటే వాళ్ళకి నవ్వొస్తుంది. రెండోసారి పారిపోయేసరికి వాళ్ళే పిలుస్తారు. పిలిచినా మంచం దాకా వెళ్ళకు, సగం దూరంలో కూలబడు. సూది మందు ఇచ్చేటప్పుడు నర్సమ్మకి అడ్డం పడకు.

ఇక నన్ను నిద్రపోనివ్వని మాట. వేషంతో బండి ఎక్కకు. ఒరే, నవ్వకు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని ఫోన్లలో పుకారు లేస్తే మన రాష్ట్రంలోనూ, తెలంగాణలోనూ దారినపోయేవాళ్ళని, బిచ్చగాళ్ళని పట్టుకు కొట్టారు. ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. పాపం వాళ్ళ మొహాలకి ఏ రంగూ లేదు. నువ్వు మొహానికి పూసుకుని చీపురుపల్లి అవతల ఏ ఊరి బడి గేటు దగ్గరో చాక్లెట్లు పట్టుకుని నిలబడితే, ఎవడో ఒక ఫొటో తీసి పంపితే, నువ్వు మా పైడిరాజువని చెప్పడానికి నేనక్కడ ఉండను కదా నాన్నా. బడి లోపలికి వెళ్ళాకే రంగు, బయటికొచ్చే ముందే కడుక్కో. హెడ్మాస్టరు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకో. తినేవి ఎవరికీ ఇవ్వకు. ఏ గుంటనీ ఎత్తుకోకు, వాళ్ళమ్మ ఎత్తుకోమన్నా సరే.

విజయనగరం సిరిమాను పండగ నాటికి గంటస్తంభం దగ్గర ఆడతానన్నావట. ఆ తొక్కిడిలో వెనక్కి అడుగు వెయ్యడానికి చోటెక్కడుంటుంది? ఈ ఏడాదికి మానెయ్యి.

నా చీలిక చెక్క మీ అమ్మ చేతికిచ్చి పంపుతాను. తాడు వదులైతే బిగించుకో, మేకులు మాత్రం కొట్టకు, చప్పుడు చచ్చిపోతుంది. వచ్చే ఆదివారం భోజనానికి రా. మొహానికి ఏమీ పూసుకోకుండా, ముక్కు కూడా లేకుండా, పెరట్లో ఒకసారి నడిచి చూపించు. ఎదురింటి గుంటలిద్దరినీ కూర్చోబెడతాను.

మీ చిన్నతాత