ఆసియా కప్ గ్రూప్–బి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) నడిపే ఆసియా కప్ టోర్నీ 2024 జనవరి 12న ఖతార్‌లో మొదలైంది. భారత జట్టు ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో కలిసి గ్రూప్–బిలో ఆడింది. ఈ గ్రూపు గురించి టోర్నీకి ముందు పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి అప్పుడు ఇచ్చిన జవాబులివి. ‘ఇప్పుడు’, ‘ఈసారి’ అన్నవి 2024 జనవరి నాటి మాటలు, ‘నిరుడు’ అంటే 2023.

ప్రశ్న (విజయవాడ పాఠకుడు): గ్రూపులోని మిగతా మూడు జట్లూ ఫిఫా ర్యాంకింగ్స్‌లో మనకంటే పైనే ఉన్నాయి. అలాంటప్పుడు మనవాళ్లు నాకౌట్‌కు చేరతారని ఆశపడటంలో అర్థం ఉందా?

జవాబు: ఉంది, కానీ ఆ ఆశ ఎక్కడ పెట్టుకోవాలో తెలిసి ఉండాలి. ఆస్ట్రేలియాది 25వ ర్యాంకు, ఉజ్బెకిస్తాన్‌ది 68, సిరియాది 91, మనది 102. టోర్నీలో 24 జట్లను ఆరు గ్రూపులుగా చేశారు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు నేరుగా ముందుకు వెళ్తాయి. మూడో స్థానంలో నిలిచిన ఆరు జట్లలో మెరుగైన నాలుగింటికి కూడా నాకౌట్ తొలి దశ అయిన ప్రి క్వార్టర్స్‌లో చోటు దక్కుతుంది. ఆస్ట్రేలియానో, ఉజ్బెకిస్తాన్‌నో వెనక్కి నెట్టి మొదటి రెండు స్థానాల్లోకి రావడం మన జట్టుకు ఇప్పట్లో సాధ్యమని నేను అనుకోవడం లేదు. మనకున్న దారి మూడో స్థానమే, ఆ దారి సిరియా మీదుగానే వెళ్తుంది.

మూడో స్థానం లెక్క ఎంత సన్నగా తెగుతుందో 2019 టోర్నీ చూపించింది. అప్పుడు వియత్నాం, లెబనాన్ రెండూ మూడేసి పాయింట్లతో, నాలుగేసి గోల్స్ కొట్టి, అయిదేసి గోల్స్ ఇచ్చి, తమ తమ గ్రూపుల్లో మూడో స్థానంలో నిలిచాయి. చివరికి తక్కువ పసుపు కార్డులు చూసిన వియత్నాం ముందుకు వెళ్లింది, లెబనాన్ ఇంటిదారి పట్టింది. అదే టోర్నీలో మన జట్టు థాయిలాండ్‌పై 4–1తో గెలిచింది, యూఏఈ చేతిలో 0–2తో ఓడింది. ఆఖరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో తొంభై నిమిషాలు గోల్ ఇవ్వకుండా నిలబడి, అదనంగా కలిపిన సమయంలో పెనాల్టీ ఇచ్చి 0–1తో ఓడిపోయింది. మూడు పాయింట్లు, కొట్టినవీ ఇచ్చినవీ నాలుగేసి గోల్స్. ఆ లెక్క వియత్నాం లెక్కకంటే మెరుగే, కానీ మనం గ్రూపులో నాలుగో స్థానంలో ఉండిపోవడం వల్ల అది ఎందుకూ కొరగాలేదు. డ్రా అయి ఉంటే నేరుగా వెళ్లేవాళ్లం.

కాబట్టి ఈసారి గమనించవలసినవి రెండు విషయాలు. మొదటి రెండు మ్యాచ్‌లలో ఓడినా ఎన్ని గోల్స్ తేడాతో ఓడుతున్నాం అన్నది ఒకటి, సిరియాపై గెలుస్తున్నామా లేదా అన్నది రెండోది.

ప్రశ్న (వరంగల్ పాఠకురాలు): ఆస్ట్రేలియా ఆసియా దేశమే కాదు కదా, ఈ టోర్నీలో ఎందుకు ఆడుతోంది? ఆ జట్టును నిలువరించడం ఎలా?

జవాబు: ఆస్ట్రేలియా 2006లో ఓషియానియా సమాఖ్యను వదిలి ఆసియా సమాఖ్యలో చేరింది. ఓషియానియాలోని బలహీనమైన జట్లపై భారీగా గెలవడం, ఆ తర్వాత ఒకే ఒక్క ప్లేఆఫ్‌లో ఓడి ప్రపంచకప్‌కు దూరం కావడం వాళ్లకు విసుగు పుట్టించింది. ఆసియాలోకి వచ్చాక 2011లో ఫైనల్ దాకా వెళ్లి జపాన్ చేతిలో ఓడారు. 2015లో సొంతగడ్డపై, సిడ్నీలో, దక్షిణ కొరియాను అదనపు సమయంలో ఓడించి కప్ ఎగరేసుకుపోయారు.

గ్రాహం ఆర్నాల్డ్ శిక్షణలోని ఇప్పటి జట్టులో ఒకప్పటి టిమ్ కేహిల్, హ్యారీ క్యువెల్ స్థాయి తారలు లేరు, కానీ క్రమశిక్షణ ఉంది. 2022 ప్రపంచకప్‌లో ఆ జట్టు ప్రి క్వార్టర్స్‌కు చేరి, మెస్సీ ఆడిన అర్జెంటీనాతో 1–2 తేడాతో మాత్రమే ఓడింది. ఆ మ్యాచ్ జరిగిన అహ్మద్ బిన్ అలీ స్టేడియంలోనే జనవరి 13న మనతో ఆడబోతోంది. నిరుడు ఇంగ్లండ్‌తో వెంబ్లీలో ఆడినప్పుడు కూడా 0–1తోనే ఓడింది.

మనకు వాళ్ల వల్ల అసలు ప్రమాదం గాలిలో వచ్చే బంతితో. డిఫెండర్ హ్యారీ సౌటర్ ఎత్తు 198 సెంటీమీటర్లు. నవంబరులో బంగ్లాదేశ్‌పై 7–0 గెలుపులో మొదటి గోల్ అతనిదే, పాలస్తీనాపై 1–0 గెలుపులో ఏకైక గోల్ కూడా అతనిదే. రెండూ తలతో కొట్టినవే. ఎడమకాలితో బంతిని అచ్చంగా అతని తల మీదికి పంపగల క్రెయిగ్ గుడ్విన్ ఉన్నంతకాలం ప్రతి కార్నర్ మనకు గండమే. మన వెనుక వరుసలో అతనితో గాలిలో పోటీ పడగలిగేది సందేశ్ ఝింగన్ ఒక్కడే. అందువల్ల మన డిఫెండర్లు కార్నర్లను కాపాడుకోవడం కంటే ముందు కార్నర్లు, ఫ్రీకిక్‌లు ఇవ్వకుండా ఆడటం నేర్చుకోవాలి. పెనాల్టీ ప్రాంతం పక్కన తొందరపడి కాలు చాపడం మనవాళ్లకు పాత అలవాటు, దాన్ని ఈ ఒక్కరోజైనా మానుకుంటే చాలు. 2011లో దోహాలో ఇదే జట్టు చేతిలో 0–4తో ఓడాం. ఈసారి రెండు గోల్స్ తేడాకు మించకుండా బయటపడితే దాన్ని నేను మంచి ఫలితంగానే లెక్కిస్తాను.

ప్రశ్న (హైదరాబాద్ పాఠకుడు): 1956లో ఇదే ఆస్ట్రేలియాను మనం 4–2తో ఓడించాం. ఆ జట్టును తీర్చిదిద్దింది మా ఊరి రహీం సాహెబ్. ఆ సంగతి ఎవరూ ఎందుకు గుర్తు చేయరు?

జవాబు: మీ బాధ సబబే. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో, ఆతిథ్య దేశపు ప్రేక్షకుల మధ్య, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో మనం గెలిచాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ కొట్టడం అదే మొదలు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశంలోనే మేటిగా నిలిపినవాడు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం కూడా ఆ బృందంలో ఉన్నాడు. అక్కడ నాలుగో స్థానంలో నిలిచిన భారత్, 1962లో రహీం శిక్షణలోనే జకార్తాలో దక్షిణ కొరియాను ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలుచుకుంది. 1964 ఆసియా కప్‌లో మనం రెండో స్థానంలో నిలవడం కూడా ఆ తరం పుణ్యమే, అయితే అప్పుడు టోర్నీలో ఆడినవి నాలుగు జట్లే అన్నది మరచిపోకూడదు.

కానీ ఆ గెలుపును చూపించి ఈ మ్యాచ్‌ను అంచనా వేయడం మాత్రం సరికాదు. నాటి ఒలింపిక్స్‌లో ఆడినది ఆటనే జీవనోపాధిగా చేసుకోని అమెచ్యూర్ ఆటగాళ్లు. ఇప్పటి ఆస్ట్రేలియా ఆటగాళ్లలో చాలామంది యూరప్ క్లబ్బుల జీతగాళ్లు. మన జట్టులో యూరప్‌లో ఆడుతున్నవాడు ఒక్కడూ లేడు.

ప్రశ్న (తిరుపతి పాఠకుడు): ఉజ్బెకిస్తాన్ ఒక్కసారి కూడా ప్రపంచకప్‌కు వెళ్లలేదు. ఆ జట్టుకు అంత భయపడాలా?

జవాబు: ఈ గ్రూపులో మన పాఠకులు తక్కువగా అంచనా వేసే జట్టు ఇదే, నా దృష్టిలో చూడటానికి ఎక్కువ ముచ్చటగొలిపే జట్టు కూడా ఇదే. ప్రపంచకప్‌కు వెళ్లలేదన్న మాట నిజమే, కానీ 2014 టోర్నీకి నేరుగా అర్హత పోగొట్టుకున్నది ఒకే ఒక్క గోల్ తేడాతో: దక్షిణ కొరియాతో సమానంగా 14 పాయింట్లు తెచ్చుకుని, గోల్ తేడాలో ఒకటి తక్కువై వెనకబడింది. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో జోర్డాన్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది.

అక్కడి సమాఖ్య చేసిన పని పిల్లల జట్ల దగ్గర కనిపిస్తుంది. 2018లో అండర్–23 ఆసియా కప్ గెలిచారు. నిరుడు మార్చిలో తాష్కెంట్‌లో ఇరాక్‌ను ఓడించి అండర్–20 ఆసియా కప్ గెలిచారు. నవంబరులో ఇండోనేషియాలో జరిగిన అండర్–17 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌ను 2–1తో ఇంటికి పంపి క్వార్టర్ ఫైనల్ ఆడారు. ఆ అండర్–20 టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన అబ్బోస్‌బెక్ ఫైజుల్లాయెవ్ ఇప్పుడు మాస్కోలోని సీఎస్‌కేఏ క్లబ్బులో ఆడుతూ, ఈ జట్టులోనూ ముఖ్యుడయ్యాడు. పొట్టివాడే అయినా, బంతిని కాలికి అంటిపెట్టుకుని ఇద్దరి మధ్య నుంచి జారిపోతాడు. అలా జారిపోయేవాళ్లను ఎదుర్కోవడంలో మన రక్షణ వరుస ఎప్పుడూ తడబడుతుంది.

స్లొవేనియాకు చెందిన స్రెచ్కో కటానెట్స్ శిక్షణలో ఈ జట్టు సెప్టెంబరులో అమెరికా చేతిలో 0–3తో ఓడినా, మూడు రోజులకే మెక్సికోతో 3–3, నవంబరులో ఇరాన్‌తో 2–2 స్కోర్లతో డ్రా చేసుకుంది. ముఖ్య స్ట్రైకర్ ఎల్దోర్ షొమురొదోవ్ గాయంతో రావడం లేదు, అది మనకు ఊరట. అయినా జనవరి 18న మనం ఒక్క పాయింట్ తెచ్చుకున్నా గొప్పే.

ప్రశ్న (నిజామాబాద్ పాఠకుడు): సిరియాపై మనకు మంచి రికార్డు ఉందని విన్నాను. ఏళ్లుగా యుద్ధంలో ఉన్న దేశం కదా, ఆ మ్యాచ్ మనదే అనుకోవచ్చా?

జవాబు: రికార్డు మంచిదే. 2007, 2009 నెహ్రూ కప్ ఫైనల్స్ రెండింటిలోనూ ఢిల్లీలో సిరియాపైనే గెలిచాం. రెండోసారి షూటౌట్‌లో గోల్ కీపర్ సుబ్రతా పాల్ కాపాడాడు. 2019లో అహ్మదాబాద్‌లో, ఇప్పటి కోచ్ ఇగోర్ స్టిమాచ్ హయాంలోనే, 1–1తో డ్రా అయింది. కానీ ఆ విజయాలన్నీ సొంతగడ్డపై వచ్చినవే.

యుద్ధం వల్ల సిరియా సొంత మైదానంలో ఆడలేకపోతోంది. నవంబరులో ప్రపంచకప్ క్వాలిఫయర్లను కూడా సౌదీలోని జెద్దాలో ఆడింది. ఉత్తర కొరియాపై 1–0తో గెలిచి, జపాన్ చేతిలో 0–5తో ఓడింది. ఇలా పరాయి ఊళ్లలోనే ఆడుతూ 2018 ప్రపంచకప్‌కు చేరువగా వచ్చిన జట్టు ఇది. 2017 అక్టోబరులో సిడ్నీలో ఆస్ట్రేలియాతో ప్లేఆఫ్ అదనపు సమయానికి వెళ్లింది. కేహిల్ గోల్‌తో వెనకబడ్డాక, చివరి క్షణాల్లో ఒమర్ అల్ సోమా కొట్టిన ఫ్రీకిక్ గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోయింది. ఆ అల్ సోమాకు ఈసారి జట్టులో చోటే దక్కలేదు. 2017లో ఆసియా ఉత్తమ ఆటగాడైన ఒమర్ ఖ్రిబిన్ మాత్రం ఉన్నాడు.

కోచ్ అర్జెంటీనాకు చెందిన హెక్టర్ కూపర్. వాలెన్సియాను 2000, 2001లో వరుసగా రెండుసార్లు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు, ఈజిప్టును 2018 ప్రపంచకప్‌కు తీసుకెళ్లిన మనిషి. ఆయన జట్లు ముందు తలుపులన్నీ వేసుకుని, ఆ తర్వాతే గోల్ సంగతి ఆలోచిస్తాయి. సిరియా ఇంతవరకూ ఆసియా కప్‌లో గ్రూపు దశ దాటలేదు కనుక, వాళ్లు కూడా మనల్ని చూసి మూడో స్థానం లెక్కలే వేసుకుంటూ ఉంటారు. ఒక్క గోల్‌తో తేలిపోయే మ్యాచ్ ఇది. మనకు సగం అవకాశం ఉందంటాను, అంతకు మించి చెప్పలేను.

ప్రశ్న (విశాఖపట్నం పాఠకురాలు): సునీల్ ఛెత్రి కాకుండా గోల్ కొట్టేవాళ్లు మనకెవరైనా ఉన్నారా?

జవాబు: మీ ప్రశ్న మన జట్టు గాయం మీదే వేలు పెట్టింది. సికింద్రాబాద్‌లో పుట్టిన ఛెత్రికి ఇప్పుడు 39 ఏళ్లు, దేశం తరఫున 93 గోల్స్ కొట్టాడు. ఇప్పటికీ ఆడుతున్నవారిలో రొనాల్డో, మెస్సీల తర్వాత అతనే. ఇది అతని మూడో ఆసియా కప్, గత రెండింటిలోనూ రెండేసి గోల్స్ ఉన్నాయి. మన లీగ్ క్లబ్బులు సెంటర్ ఫార్వర్డ్ స్థానాన్ని దాదాపుగా విదేశీయులకే అప్పగించేయడం వల్ల అతని వారసుడు తయారు కాలేదు, ఆ నిందను జట్టు మీద కంటే లీగ్ మీద వేయడమే న్యాయం.

ఆశ పెట్టుకోదగినవాళ్లు రెండు పక్కల ఉన్నారు. లాలియన్‌జువాలా ఛాంగ్తే వేగం, మన్వీర్ సింగ్ బలం నవంబరులో కువైట్‌లో ఫలించాయి: ఎడమవైపు నుంచి ఛాంగ్తే అందించిన బంతిని మన్వీర్ గోల్‌లోకి పంపడంతో 1–0తో గెలిచాం. అయితే అయిదు రోజులకే భువనేశ్వర్‌లో ఖతార్ 3–0తో మన పరిమితి చూపించింది. నిరుడు ఇంటర్‌కాంటినెంటల్ కప్, దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ గెలిచింది భువనేశ్వర్, బెంగళూరుల్లో; బయట థాయిలాండ్, మలేషియాల్లో ఆడినప్పుడు గెలుపే లేదు. పైగా సెంటర్ బ్యాక్ అన్వర్ అలీ, మిడ్‌ఫీల్డర్ జీక్సన్ సింగ్, ఆషిక్ కురునియన్ గాయాలతో దూరమయ్యారు. డిసెంబరు ఆఖరి వారం దాకా లీగ్ నడిపి, 30వ తేదీన జట్టును దోహా చేర్చడం ఇంత పెద్ద టోర్నీకి తగిన తయారీ కాదు.

ప్రశ్న (దోహాలో పనిచేస్తున్న నల్గొండ జిల్లా పాఠకుడు): నాకు ఒక్కరోజే సెలవు దొరుకుతుంది. మూడింటిలో ఏ మ్యాచ్‌కు వెళ్లమంటారు?

జవాబు: ఆస్ట్రేలియాతో మ్యాచ్ శనివారం మధ్యాహ్నం రెండున్నరకు ఉండటం, అహ్మద్ బిన్ అలీ స్టేడియం పక్కనే అల్ రిఫా మెట్రో స్టేషన్ ఉండటం వల్ల చాలామంది దానికే వెళ్తారు. సెలవు మీ చేతిలో ఉంటే మాత్రం జనవరి 23 మంగళవారం, మధ్యాహ్నం రెండున్నరకు, అల్ ఖోర్‌లోని అల్ బైత్ స్టేడియంలో సిరియాతో జరిగే మ్యాచ్‌కే పెట్టుకోండి. అక్కడిదాకా మెట్రో లేదు. బస్సు కోసం చేతిలో సమయం ఉంచుకుని ఉదయమే బయల్దేరండి.