ఛాయాచిత్రమా, కాంతిచిత్రమా?

సందేహం: రీలు కెమెరాతో ఫొటోలు తీయడం నాకు సరదా. గ్రీకులో ‘ఫొటో’ అంటే వెలుగట. మనమేమో ‘ఛాయాచిత్రం’ అంటున్నాం. ఛాయ నీడ కదా! ‘కాంతిచిత్రం’ అనకూడదా? ‘ఫిల్ము కడగడం’ రాతలో చెల్లుతుందా?

సమాధానం: ఛాయకు నీడ ఒక్కటే అర్థమనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో అమరసింహుడు ‘ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబ మనాతపః’ అని సగం శ్లోకంలో సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేమి అనే నాలుగర్థాలనూ చెప్పి ఊరుకున్నాడు. మీరు కోరే కాంతి అందులోనే ఉంది. మీ చేతిపనినే గమనించండి: ఫిల్ము మీద పడేది తలకిందులైన ప్రతిబింబం, వెలుగు సోకిన చోటి వెండి లవణం డెవలపరు అనే మందునీళ్లలో నల్లని వెండిగా మారుతుంది గనుక నెగటివు మీద ఎండ నలుపుగాను, నీడ తేటగాను కనబడి, కాగితం మీద ప్రింటు వేసినప్పుడు మళ్లీ తారుమారై యథాస్థానానికి వస్తాయి. వెలుగు నీడగా, నీడ వెలుగుగా మారే ఈ పనికి రెంటినీ చెప్పే మాట దొరకడం మన అదృష్టం.

మిగిలిన సూర్యప్రియ మాత్రం పరాయిదా? భర్త వేడిమికి ఓర్వలేని సంజ్ఞాదేవి అచ్చంగా తన రూపుతోనే ఒకతెను కల్పించి, తనకు బదులుగా ఇంట నిలిపి వెళ్లిందని పురాణ కథ. ఆమె పేరే ఛాయ. సూర్యుడంతటివాడే చాలాకాలం పోల్చుకోలేకపోయిన ఆ నకలు కంటె నమ్మకమైన ఛాయాచిత్రం ఉంటుందా!

పడమటివారికీ ఈ తడబాటు తప్పలేదు. ఇంగ్లండులో ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన టాల్బాట్ మొదట తన ప్రయోగాలకు ‘నీడరాత’ అనే అర్థం వచ్చే ‘స్కియాగ్రఫీ’ అన్న పేరు పెట్టుకున్నాడు. 1839లో శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ ‘ఫొటోగ్రఫీ’ అన్న తరువాత వెలుగురాతదే పైచేయి అయింది. ‘ఛాయ’ ఆ ఇద్దరికీ చాలుతుంది. తద్భవమైన ‘చాయ’కు చామనచాయలో రంగనీ, ‘ఆ చాయలకు పోకు’ అన్నప్పుడు దరిదాపులనీ అర్థం.

‘కాంతిచిత్రం’ తప్పని నేననను, సమాసం నిర్దుష్టమే. అయితే నీడను వదులుకున్న ఆ పేరు, నలుపు తెలుపు రీలు వాడేవారికి ఎంతవరకు అతుకుతుందో మీరే ఆలోచించుకోవాలి.

‘కడగడం’ నిస్సందేహంగా రాయవచ్చు. ఫిల్ము వరుసగా మందునీళ్లలో మునిగి, చివరకు మంచినీళ్లలో నిజంగానే కడుగుడుపడుతుంది. ఇంగ్లిషు ‘డెవలప్’ను నిఘంటువు చూసి ‘అభివృద్ధి చేయడం’గా మార్చేవారి మాట నా చెవికి ఎక్కదు. అంతకంటె బాధ కలిగించేది, ‘దృశ్యాన్ని కెమెరాలో బంధించారు’, ‘క్లిక్‌మనిపించారు’ అనే నేటి రాతలు. బంధించడానికి దృశ్యం చేసిన నేరమేమిటి? కెమెరా పట్టినవాడు ఫొటో ‘తీస్తాడు’, ఎదుట నిలిచినవాడు ఫొటో ‘దిగుతాడు’ అని ఇద్దరికీ విడివిడిగా క్రియలు సమకూర్చుకున్న భాష మనది. కెమెరా మీట చేసే చప్పుడును అరువు తెచ్చి ఆ రెంటి నోరూ నొక్కడం నాకు సమ్మతం కాదు.